మాంట్ బ్లాంక్ చుట్టూ విడిది నుంచి విడిదికి 11 రోజుల నడక: 53 ఏళ్ళ వయసులో, గుడ్డు కూడా తినని శాకాహారికి సాధ్యమేనా?

కొండగాలి_విశాఖ
మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. వచ్చే జులైలో ఇద్దరం కలిసి ఆల్ప్స్‌లోని మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ నడవాలని అనుకున్నాం. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా దాదాపు 170 కిలోమీటర్ల దారి అనీ, ఎక్కవలసిన ఎత్తులన్నీ కలిపితే 10,000 మీటర్ల దాకా వస్తాయనీ చదివాను. గుడారం, వంట సామాను మోయకుండా ప్రతి సాయంత్రం ఏదో ఒక కొండ విడిదిలో భోంచేసి పడుకుని, తెల్లవారి తరువాతి విడిదికి బయలుదేరవచ్చు అన్న మాటే నన్ను ఆకర్షించింది.

చాలా ఏళ్ళుగా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తున్నాను. ఆ 32 కిలోమీటర్లు నడవడం నాకు కష్టం కాదు. అయితే అది రోడ్డు మీద ఒక్క రాత్రి నడక, ఇది వరుసగా 11 రోజులు. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. గుడ్డు తినను. ముక్కూమొహం తెలియని మగవాళ్ళు కూడా ఉండే గదిలో పడుకోవాలంటే బెరుకుగా ఉంది. వీటికి తోడు మేము అనుకున్న తేదీకి బొనాత్తి అనే విడిదిలో అప్పుడే ఖాళీలు లేవు. ఒక ట్రెక్కింగ్ సంస్థకు ఫోను చేస్తే నా వయసు వినగానే, బస్సులో తిప్పే యాత్ర చూసుకోమన్నారు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. నడిచినవారు ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జెనీవా_నడక
నేను ఈ దారిలో రెండుసార్లు నడిచాను, రెండోసారి మా అత్తగారితో కలిసి. ఆవిడకు అప్పటికి 61 ఏళ్ళు. మీ వయసు అడ్డంకి కాదు, కానీ మీ మోకాలిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

ఇక్కడ ఒకే శిఖరాన్ని ఎక్కి దిగడం ఉండదు. దాదాపు ప్రతిరోజూ ఒక లోయలోంచి కనుమ దాకా ఎక్కి, అవతలి లోయలోకి దిగాలి. మామూలు దారిలో అన్నిటికంటే ఎత్తైనది ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని గ్రాన్ కోల్ ఫెరే, 2,537 మీటర్లు. ఫ్రాన్స్ నుంచి ఇటలీలోకి దిగే కోల్ ద లా సేన్యీ 2,516 మీటర్లు. షాంపే ఊరి తరువాత 2,665 మీటర్ల ఫెనెత్ర్ దార్పెత్ అనే రాళ్ళ కనుమ ఒకటి ఉంది కానీ, దానికి బదులు బొవీన్ పచ్చిక బయళ్ళ మీదుగా సులువైన దారి ఉంది. ఈ ఎత్తుల్లో గాలి పలచబడి తల తిరగడం వంటివి చాలామందికి ఉండవు. అందుచేత హిమాలయాల గురించి విన్న భయాలన్నీ ఇక్కడికి తెచ్చుకోకండి.

రోజుకు సగటున 15 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు, అంతే దిగుడు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే నిలబడితే తగ్గిపోతుంది. దిగేటప్పుడు వచ్చే మోకాలి నొప్పి నిలబడితే తగ్గదు. 32 కిలోమీటర్ల ప్రదక్షిణ వల్ల మీకు ఓపిక ఉందని తెలుస్తోంది, దిగుడు మీద మీ మోకాలు ఏమంటుందో తెలియడం లేదు. ఈ ఏడెనిమిది నెలలు దాని మీదే పెట్టండి.

నల్లమల_బాట
సాధనకు మనకు తిరుమల కొండను మించినది ఏముంది? అలిపిరి నుంచి 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం, కాబట్టి నిటారుగా ఉంటుంది. అలిపిరి దారిలో దాదాపు 700 మీటర్లు ఎక్కినట్టే. జెనీవా_నడక గారు చెప్పిన రోజు లెక్కకు ఇది దగ్గర. నెలకొకసారి సంచి తగిలించుకుని ఎక్కితే చాలు.

పాదచారి_అనంత
నల్లమల_బాట గారి లెక్క సరైనదే అయినా, సలహాతో నేను ఏకీభవించను. మొదటి కారణం, తిరుమలకు ఎక్కినవాళ్ళలో ఎక్కువమంది బస్సులో దిగుతారు. ఈవిడకు కావలసిన సాధన దిగుడులో. రెండో కారణం, అది మొక్కు తీర్చుకునే దారి. చెప్పులు లేకుండా, గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కే మెట్ల మీద బూట్లు వేసుకుని, గడియారం చూసుకుంటూ వ్యాయామం చేయడం నాకు నచ్చదు. స్వామి కోసం వెళ్ళినప్పుడు స్వామి కోసమే వెళ్ళాలి.

విశాఖలో ఉన్నారు కనుక పది అంతస్తుల అపార్ట్‌మెంటు దొరకడం కష్టం కాదు. అంతస్తుకు 3 మీటర్లు అనుకుంటే, ఒకసారి ఎక్కి దిగితే 30 మీటర్లు. 20 సార్లు చేస్తే 600 మీటర్ల ఎక్కుడు, 600 మీటర్ల దిగుడు. లిఫ్టు వాడకండి.

నల్లమల_బాట
నొప్పించి ఉంటే మన్నించండి, ఆ కోణంలో నేను ఆలోచించలేదు. దిగుడు విషయంలో మీరు చెప్పింది నిజమే.

ఫిజియో_కర్నూలు
వృత్తిరీత్యా మోకాళ్ళు చూస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. దిగేటప్పుడు ఒంటి బరువును ఆపి మెల్లగా కిందికి దించే పని తొడ ముందు భాగంలోని కండరాలది. అవి బలహీనంగా ఉంటే ఆ భారమంతా మోకాలి చిప్ప వెనుక పడుతుంది. మెట్లు ఎక్కినంత మాత్రాన ఈ పని అలవాటు కాదు. ఒక మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, మూడు నాలుగు సెకన్లు తీసుకుంటూ రెండో కాలి మడమను కింది మెట్టుకు తాకించి మళ్ళీ పైకి లేవాలి. రెండు కాళ్ళకూ పదేసి సార్లు, వారానికి మూడు రోజులు చేస్తే చాలు. నొప్పి వస్తే మెట్టు ఎత్తు తగ్గించాలి, మానేయకూడదు.

అయితే మోకాలు "పట్టేస్తుంది" అన్నారు. నొప్పి వేరు, కదలకుండా బిగుసుకుపోవడం వేరు. రెండోదైతే సాధన మొదలుపెట్టకముందే ఎముకల డాక్టరుకు చూపించండి. ట్రెక్కింగ్ పోల్స్, అంటే నడకకు ఊతమిచ్చే కర్రలు, రెండు కొనండి, ఒకటి సరిపోదు. దిగుడులో వాటిని కాస్త పొడవు పెంచి, అడుగులు చిన్నవి వేయాలి. ఆ అలవాటు కూడా ఇక్కడే కావాలి. అక్కడికి వెళ్ళాక నేర్చుకుందామంటే మొదటి మూడు రోజులు చేతులు, కాళ్ళు ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

దాల్‌భాత్_ప్రియ
ఇంత ఖర్చు ఎందుకన్నది నా ప్రశ్న. ఆల్ప్స్ విడిదుల్లో పడక, రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిపి మనిషికి రాత్రికి 60 నుంచి 90 యూరోల దాకా అవుతుంది. అదే నేపాల్‌లో అన్నపూర్ణ ప్రాంతానికి వెళ్ళండి. భారతీయులకు వీసా అక్కరలేదు, ఊరూరా బస కూడా ఇచ్చే టీ హౌసులు ఉంటాయి, అన్నం పప్పు దొరుకుతాయి, శాకాహారం గురించి ఎవరికీ వివరించనక్కరలేదు. విడిది నుంచి విడిదికి నడవడమే కావాలంటే అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

కొండగాలి_విశాఖ
దాల్‌భాత్_ప్రియ గారూ, మీ మాటలో న్యాయం ఉంది. కానీ అమ్మాయికి దొరికే సెలవులు రెండు వారాలు, అది ఉన్నది జర్మనీలో. అది ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో మేమిద్దరం కలిసి పది రోజులు గడిపిన సందర్భం ఒక్కటీ లేదు. అందుకే మాంట్ బ్లాంక్.

దాల్‌భాత్_ప్రియ
అయితే నేను చెప్పిందంతా పక్కన పెట్టండి. తప్పకుండా వెళ్ళండి.

సందక్‌ఫూ_స్మృతి
నేపాల్ మాట వచ్చింది కాబట్టి ఒక మధ్యేమార్గం. వెళ్ళేముందు మన నేపాల్ సరిహద్దులోనే ఒక చిన్న రిహార్సల్ చేసుకోవచ్చు. పశ్చిమ బెంగాల్‌లో మానేభంజన్ నుంచి తుమ్లింగ్, కాలీపోఖ్రి మీదుగా సందక్‌ఫూ దాకా దారంతా బస దొరుకుతుంది, గుడారం అక్కరలేదు. సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు, అంటే మీరు ఆల్ప్స్‌లో దాటబోయే కనుమలన్నిటికంటే ఎక్కువ. ఏప్రిల్‌లో వెళితే దారి పొడవునా పూలుంటాయి. వరుసగా నాలుగైదు రోజులు అదే సంచి మోస్తే ఏది అనవసరమో మీ భుజాలకే తెలిసిపోతుంది. నడవలేకపోతే ఆ దారిలో జీపు కూడా దొరుకుతుంది, అంటే భయం లేని ప్రయోగం.

శాకాహారి_స్టుట్‌గార్ట్
భోజనం గురించి ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. నేను కూడా గుడ్డు తినను.

విడిదిలో రాత్రి భోజనం అందరికీ ఒకే సమయానికి, సాధారణంగా ఏడు గంటల ప్రాంతంలో, ఒకే రకంగా వడ్డిస్తారు. ముందు సూపు, తరువాత ప్రధాన వంటకం, చివర చీజ్ లేదా తీపి. బుక్ చేసేటప్పుడే "శాకాహారం" అని రాయాలి, సాయంత్రం చేరగానే మళ్ళీ గుర్తు చేయాలి. అక్కడివారి లెక్కలో శాకాహారమంటే గుడ్డు ఉంటుంది, చాలాచోట్ల మాంసానికి బదులు తెచ్చి పెట్టేది ఆమ్లెట్టే. సూపును మాంసం ఉడికించిన నీళ్ళతో చేసి ఉండవచ్చు. కనుక మాంసం, చేప, గుడ్డు, మాంసపు రసం ఏవీ వద్దని ఫ్రెంచ్, ఇటాలియన్ భాషల్లో ఒక చీటీ రాయించుకుని వంటవారికే చూపండి. నాకు విసుక్కున్నవారు ఎక్కడా ఎదురుకాలేదు.

మీకు ఎంత పట్టింపు ఉందో తెలియదు కానీ, ఇంకొక విషయం కూడా చెప్పాలి. ఆ ప్రాంతపు పేరున్న చీజ్‌లు, ఫ్రాన్స్ వైపు బోఫోర్, ఇటలీ వైపు ఫొంతీనా, దూడ పొట్ట నుంచి తీసే పదార్థంతో పాలు విరిచి చేస్తారు. ఇది తెలిశాక నేను మానేశాను. చెప్పకుండా ఉండడం కంటే చెప్పడమే సబబు అనిపించింది.

ఇటలీ వైపు మొక్కజొన్న రవ్వతో చేసే పొలెంటా దొరుకుతుంది. అది మన సంకటికి దగ్గరి చుట్టం. కందిపొడి, వేయించిన పల్లీలు, నువ్వుండలు, చిక్కీ తీసుకెళ్ళండి. నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు మాత్రం ఇండియా నుంచి తేవద్దు. పాల పదార్థాలను ప్రయాణికులు బయటి దేశాల నుంచి ఐరోపా యూనియన్‌లోకి తెచ్చుకోవడం నిషేధం. నెయ్యి మ్యూనిక్‌లోనే కొనుక్కోవచ్చు.

పచ్చడి_డబ్బా
వేడి పొలెంటాలో కందిపొడి కలుపుకుని తిన్న అనుభవం నాకూ ఉంది. బల్లకు అవతల కూర్చున్న బెల్జియం దంపతులు అడిగి మరీ వేయించుకున్నారు. సగం డబ్బా ఆ ఒక్క రాత్రే ఖాళీ అయింది. పొడి కొంచెం ఎక్కువే పెట్టుకోండి.

రేణుక_పూణె
పడక గురించి నేను చెబుతాను, ఎందుకంటే నాకూ మొదట ఇదే బెరుకు. చాలా విడిదుల్లో పెద్ద గదిలో వరుసగా బంకు పడకలు ఉంటాయి, ఆడా మగా అనే తేడా లేకుండా ఇస్తారు. మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండో రాత్రికి అర్థమైంది ఏమిటంటే, అక్కడున్న ప్రతి ఒక్కరూ పొద్దుట నుంచి నడిచి అలసిపోయినవారే, పది గంటలకు దీపాలు ఆర్పేసేసరికి ఎవరి నిద్ర వారిది. తలుపు పక్కన కాకుండా గోడవైపు పడక అడగండి, మీ అమ్మాయిని ఇవతల పడుకోబెట్టండి. కొన్ని విడిదుల్లో ఇద్దరికో నలుగురికో చిన్న గదులు ఉంటాయి, వాటికి ధర ఎక్కువ. మూడు నాలుగు రాత్రులకు ఒకసారి అలాంటి గది తీసుకుంటే బాగుంటుంది. గురక కోసం చెవుల్లో పెట్టుకునే బిళ్ళలు తప్పనిసరి.

బూట్లు గుమ్మం దగ్గరే విడిచి, వాళ్ళిచ్చే రబ్బరు చెప్పులు వేసుకోవాలి. ఈ పద్ధతి మన ఇంట్లోలాగే ఉంటుంది. స్నానానికి చాలాచోట్ల టోకెన్ కొనాలి, వేడినీళ్ళు కొద్ది నిమిషాలే వస్తాయి. దుప్పట్లు వాళ్ళే ఇస్తారు, కానీ ఒంటికి దుప్పటి నేరుగా తగలకుండా మన సొంత లైనర్ సంచిలో దూరి పడుకోవడం నియమం.

కొండగాలి_విశాఖ
రేణుక గారూ, గోడవైపు పడక ఆలోచన నాకు ధైర్యం ఇచ్చింది. ఆ లైనర్ విశాఖలో ఎక్కడా దొరకలేదు. ఆన్‌లైన్‌లో పట్టుది చాలా ఖరీదుగా ఉంది.

రేణుక_పూణె
కొనకండి. జరీ లేని పాత మైసూర్ సిల్కు చీర ఉంటే దర్జీకి ఇవ్వండి. నాలుగున్నర మీటర్లు కత్తిరించి సగానికి మడిస్తే 2.2 మీటర్ల పొడవు వస్తుంది. మడత కాళ్ళ వైపు ఉంచి, ఒక పక్క పూర్తిగా, రెండో పక్క ముప్పావు దాకా కుట్టించండి. కొన్నదానికంటే కాస్త బరువు ఎక్కువ, కానీ రాత్రి ఒంటికి చల్లగా, మెత్తగా ఉంటుంది, ఉతికితే గంటలో ఆరుతుంది. నాది మా అమ్మ చీర.

గిరివలయం_చిత్తూరు
నాకు ఒక సందేహం ఉంది. ఈ దారిని దాదాపు అందరూ గడియారానికి ఎదురు దిశలో నడుస్తారని విన్నాను, అంటే కొండ ఎప్పుడూ ఎడమ చేతి వైపు ఉంటుంది. ప్రదక్షిణ అంటే కొండ కుడివైపు ఉండాలి కదా. సింహాచలం ప్రదక్షిణ చేసే ఆవిడకు ఇది ఇబ్బంది అనిపించదా?

జెనీవా_నడక
రెండు దిశల్లోనూ నడవవచ్చు, గుర్తులు రెండు వైపులా ఉంటాయి. ఫ్రాన్స్‌లో రాళ్ళ మీద, చెట్ల మీద తెలుపు ఎరుపు రంగు గీతలు, ఇటలీ, స్విట్జర్లాండ్‌లలో పసుపు పలకలు కనబడతాయి. పలకల మీద కిలోమీటర్లు కాకుండా గంటలు రాసి ఉంటాయి, విశ్రాంతి సమయం వాటిలో కలపరు, కాబట్టి మీరు మూడో వంతు కలుపుకోండి. ఎదురు దిశలో నడిచేవారే ఎక్కువ కావడం వల్ల అటు వెళితే రోజూ సాయంత్రం అవే ముఖాలు కనిపిస్తాయి, మూడో రోజుకు స్నేహం కుదురుతుంది. ప్రదక్షిణంగా వెళితే దారంతా ఎదురొచ్చేవారికి తప్పుకోవాలి, విడిదిలో మాత్రం ప్రతిరోజూ కొత్తవాళ్ళు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి: జెనీవా శాస్త్రవేత్త సొసూర్ 1767లోనే ఈ పర్వతం చుట్టూ తిరిగాడు. శిఖరాన్ని చేరే దారి కనిపెట్టినవారికి బహుమతి ఇస్తానని ఆయన అంతకుముందే ప్రకటించాడు. 1786 ఆగస్టు 8న కొండ కిందనున్న షమొనీ ఊరివారు బల్మా, పకార్ శిఖరం చేరారు. అంటే చుట్టూ తిరగడం ఎక్కడం కంటే దాదాపు ఇరవై ఏళ్ళు ముందు.

కొండగాలి_విశాఖ
గిరివలయం గారూ, సింహాచలంలో నేను అప్పన్న కోసం నడుస్తాను. అక్కడ కుడి ఎడమలు మనసులో ఉంటాయి. ఇక్కడ మా అమ్మాయితో నడుస్తాను, కొండ ఎటువైపు ఉన్నా నాకు ఇబ్బంది లేదు. అవే ముఖాలు కనిపిస్తాయన్న మాట నచ్చింది కనుక అందరితో పాటే వెళతాం.

టికెట్లు_తీసేవాడు
బొనాత్తి సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ విడిదులు చాలావరకు జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకానే తెరిచి ఉంటాయి. బుకింగులు ముందు ఏడాది శరదృతువులోనే మొదలై, పేరున్నవి త్వరగా నిండిపోతాయి. చాలామంది మొదటి రాత్రి నుంచి వరుసగా బుక్ చేస్తూ వెళ్ళి, ఆరో రాత్రి దగ్గర ఇరుక్కుంటారు. నేను చేసేది తలకిందులు: ముందు బొనాత్తి, ఎలిసబెత్తా వంటి ఒంటరి విడిదుల్లో ఏ తేదీ దొరుకుతుందో చూసి, దాన్నిబట్టి బయలుదేరే రోజు నిర్ణయించుకుంటాను. కూర్మయోర్, షాంపే వంటి ఊళ్ళలో హోటళ్ళు చాలా ఉంటాయి, అవి ఎప్పుడైనా దొరుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో రద్దులు వస్తుంటాయి, మర్యాదగా ఒక ఈమెయిలు రాసి ఉంచండి. ఆగస్టు చివరి వారం మాత్రం పెట్టుకోవద్దు. ఇదే దారి మీద 2003 నుంచి జరుగుతున్న పరుగు పందెం ఆ రోజుల్లోనే, షమొనీ లోయలో ఇసుక వేస్తే రాలదు.

బరువెంత
సంచి నీళ్ళతో కలిపి 7 లేక 8 కిలోలు దాటకూడదు. ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత, రాత్రికి ఒకటి. చూడీదార్ వేసుకోవచ్చు కానీ నూలుది వద్దు, చెమటతో తడిస్తే ఆరదు, కనుమ దగ్గర గాలి వీచగానే వణుకు పుడుతుంది. జులైలో కూడా ఉన్ని టోపీ, చేతి తొడుగులు కావాలి. సాయంత్రం విడిది చేరగానే ముందు బట్టలు ఉతకాలి, తరువాతే టీ. ఆరకపోతే మర్నాడు పిన్నీసులతో సంచికి తగిలించి నడవండి, అక్కడ అందరూ అలాగే చేస్తారు. కొత్త బూట్లతో బయలుదేరవద్దు, కనీసం 100 కిలోమీటర్లు నడిచి ఉండాలి. కొన్ని విడిదుల్లో కార్డు పనిచేయదు, నగదు ఉంచుకోండి. స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు.

శాకాహారి_స్టుట్‌గార్ట్
వీసా: మూడు దేశాలూ షెంగెన్‌లోనివే, ఒకే వీసా చాలు. మీరు ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. ముందూ వెనుకా అమ్మాయి దగ్గర రెండు మూడు వారాలు ఉంటారనుకుంటే అది జర్మనీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. వీసాకు అడిగే బీమా కనీసం 30,000 యూరోలది, కానీ మామూలు పాలసీల్లో చాలావాటిలో కొండల మీద నుంచి హెలికాప్టరులో దించే ఖర్చు ఉండదు. ఆ వాక్యం వెతికి చదవండి. అమ్మాయి జర్మన్ ఆల్పైన్ క్లబ్బులో సభ్యత్వం తీసుకుంటే తనకు రక్షణ ఖర్చుల బీమా వస్తుంది, క్లబ్బులు నడిపే విడిదుల్లో పడక ధర తగ్గుతుంది. ప్రమాదం జరిగితే మూడు దేశాల్లోనూ 112.

జెనీవా_నడక
ఇంకొకటి మరిచాను. కూర్మయోర్‌లోకి దిగే దారి అడవిలో నిటారుగా, దుమ్ముగా, 700 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ పైనుంచి గొండోలా, అంటే తీగ మీద దిగే కేబుల్ కారు ఉంది. మోకాలు మంచిది కాని వారు దాన్ని ఎక్కాలి. అలాగే ఇటలీ వైపు ఫెరే లోయలో వేసవిలో బస్సు తిరుగుతుంది.

మొత్తం_నడిచా
గొండోలాలు, బస్సులు ఎక్కితే దాన్ని చుట్టివచ్చామని చెప్పుకోవడం నాకు సరైనదిగా అనిపించదు. 170 కిలోమీటర్లు అంటే 170 కిలోమీటర్లే. మధ్యలో వదిలేసేటట్టయితే చిన్న దారి ఎంచుకుని దాన్ని పూర్తిగా నడవడం మేలు. ఇది ఎవరినీ తక్కువ చేయడానికి అనడం లేదు, ఒక పని మొదలుపెడితే దాని చివర చూడాలని నా నమ్మకం.

ఫిజియో_కర్నూలు
ఆరోగ్యవంతుడైన పాతికేళ్ళ మనిషికి ఆ నమ్మకం సరిపోతుంది. వాచిన మోకాలితో మరో ఐదు రోజులు దిగితే, తరువాత ఆరు నెలలు ఇంట్లో మెట్లు కూడా దిగలేని వారిని నేను చూశాను. ఆవిడ వచ్చే ఆషాఢానికి కూడా నడవాలి.

కొండగాలి_విశాఖ
వచ్చాను. వెళ్ళి వచ్చిన సంగతులు రాయడం మీ అందరికీ నేను పడ్డ బాకీ.

బొనాత్తి మే నెలలో రద్దు వల్ల దొరికింది. ఏడు నెలలు పాదచారి_అనంత గారు చెప్పినట్టు మెట్లు ఎక్కి దిగాను, మా వాచ్‌మన్ పిల్లలు లెక్క పెట్టేవారు. డాక్టరు పరీక్ష చేసి, బిగుసుకుపోవడం కాదు, బలహీనతే అన్నారు.

మొదటి రెండు రోజులు బాగా గడిచాయి. బోనొమ్ కనుమ దగ్గర ఇంకా మంచు ఉంది, నేను జీవితంలో మొదటిసారి మంచు మీద అడుగు పెట్టాను, అమ్మాయి చేయి పట్టుకుని నడిపించింది. దాని చిన్నప్పుడు భీమిలి తీరంలో అలలంటే భయపడితే నేను పట్టుకున్న చేయి అది. రాళ్ళ మధ్య నుంచి ఈలలు వినిపిస్తే ఎవరో పిలుస్తున్నారనుకున్నాం, అవి మార్మట్లు, పెద్ద ఉడుతల్లాంటి కొండ జంతువులు. ఆషాఢ పౌర్ణమి రాత్రి ఎలిసబెత్తాలో ఉన్నాం. పది గంటలకు దీపాలు ఆర్పేశాక బయటికి వచ్చి చూస్తే, విడిదికి పైనున్న హిమానీనదం మీద వెన్నెల పడి ఉంది. ఆ సమయానికి ఇక్కడ అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. సింహాచలంలో మా ఇంటివాళ్ళు ప్రదక్షిణ ముగిస్తుంటారని అనుకుంటూ అలాగే నిలబడ్డాను.

కూర్మయోర్ దిగుడులో తప్పు చేశాను. మొత్తం_నడిచా గారి మాట మనసులో ఉండి, గొండోలా కళ్ళ ముందు కనిపిస్తున్నా ఎక్కలేదు. ఊరు చేరేసరికి మోకాలు వాచింది. మర్నాడు బెర్తోనే విడిది మీదుగా నడవవలసిన దారికి నేను పనికిరానని తేలింది. అమ్మాయి నాతో బస్సులో వస్తానంది, నేనే వద్దన్నాను. అది కొండ మీద నుంచి, నేను ఫెరే లోయలో బస్సు మీద. దిగి గంటకు పైగా మెల్లగా ఎక్కి బొనాత్తి చేరి, ఎదురుగా గ్రాండ్ జొరాస్ శిఖరాలు చూస్తూ బల్ల మీద నాలుగు గంటలు కూర్చున్నాను. మొత్తం నడవలేకపోయానన్న బాధ ఉంది, లేదని చెప్పను. కానీ మూల తిరిగి ఎర్ర సంచితో అది కనిపించినప్పుడు, దాని నడక దూరం నుంచే గుర్తుపట్టాను. నాలుగేళ్ళుగా ఫోనులో ముఖం చూశాను తప్ప, నడక చూడలేదు.

ఆ రాత్రి విడిది చూసేవాళ్ళు మధ్యాహ్నం ఉరుములు వస్తాయని హెచ్చరించి, ఆరు గంటలకే బయలుదేరమని రొట్టె, కాఫీ ఫ్లాస్కులో సిద్ధం చేసి పెట్టారు. పది గంటలకు గ్రాన్ కోల్ ఫెరే దాటాం. స్విట్జర్లాండ్ వైపు లా ఫూలీ అనే ఊరు చేరాక వాన మొదలైంది. మా వెనుక తొమ్మిదింటికి బయలుదేరినవారు తడిసి ముద్దయి వచ్చారు. మిగిలిన రోజుల్లో బొవీన్ దారి పట్టాం, చివర ఇనుప నిచ్చెనలు ఉన్న చోటికి వెళ్ళకుండా చుట్టుదారి తీసుకున్నాం. లాక్ బ్లాంక్ అనే సరస్సు నీళ్ళలో తెల్లని శిఖరాలన్నీ తలకిందులుగా కనిపించిన పొద్దున నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

మొత్తం_నడిచా
నా మాట వల్ల మీ మోకాలు వాచిందని చదివి బాధ కలిగింది. అలా రాసి ఉండకూడదు. ఇప్పుడు ఎలా ఉంది?

కొండగాలి_విశాఖ
తగ్గిపోయింది. మీది తప్పు కాదు, హెచ్చరించినవారు ఇద్దరున్నా నేను వినలేదు. మీరు చెప్పినట్టు చివర చూడాలని నాకూ ఉంది. బెర్తోనే నుంచి బొనాత్తి దాకా ఆ ఒక్క ముక్క మిగిలింది.

శాకాహారి_స్టుట్‌గార్ట్
భోజనం సంగతి?

కొండగాలి_విశాఖ
చీటీ ప్రతిచోటా పనిచేసింది. ఒక్క చోట మాత్రం పొరపాటున ఆమ్లెట్టు తెచ్చి, చెప్పగానే తీసుకెళ్ళి కాయధాన్యాల కూర చేసి ఇచ్చారు. చీజ్ మీ మాట విన్నాక ముట్టలేదు. కందిపొడి ఏడో రోజుకు అయిపోయింది.

కొత్తగా_చేరా_నెల్లూరు
ఇదంతా రెండు రాత్రులు కూర్చుని చదివాను. వచ్చే ఏడాది మా అమ్మను తీసుకెళ్ళాలని ఉంది, ఆవిడకు 58. బుకింగు అక్టోబరులో చూస్తాను, మెట్లు రేపే మొదలుపెట్టిస్తాను. లైనర్ కుట్టించడానికి మా ఇంట్లో జరీ లేని పట్టుచీర ఒక్కటీ లేదు, మామూలు నూలుది కుట్టిస్తే సరిపోతుందా?

కొండగాలి_విశాఖ
నూలుది ఆరదు, బరువు కూడా. నా లైనర్లు రెండూ ఉతికి మడిచి పెట్టి ఉన్నాయి, ఒకటి మా అమ్మాయిది, ఒకటి నాది. చిరునామా ప్రైవేటుగా పంపండి, నెల్లూరికి పార్సిల్ చేస్తాను. వచ్చాక తిరిగి పంపిస్తే చాలు, బెర్తోనే ముక్క కోసం నాకు మళ్ళీ కావాలి.